వదినగారి నడుము కొలత

మార్చి 4, మంగళవారం

ఒంట్లో కొవ్వెక్కువని నన్ను చాలామంది అన్నారు. మా అత్తగారు అన్నారు, కాలేజీలో ప్రిన్సిపాల్ అంది, మా ఆయన బతికున్నంత కాలం నోరు మూసుకుని అనుకున్నాడు. స్కాన్ తీసి రుజువు చూపించినవాడు మాత్రం ఈ సర్జనే. పందొమ్మిది శాతమట. అంటే నా లివర్‌లో దాదాపు ఐదో వంతు కొవ్వే.

పుట్టి బుద్ధెరిగాక మందు చుక్క ముట్టలేదని గట్టిగా చెప్పాను. ఫ్యాటీ లివర్‌కి మందే అక్కర్లేదండీ, చక్కెర, మైదా, కూర్చుని చేసే పని, నడుం చుట్టూ పేరుకున్న బరువు, ఇవి చాలు అన్నాడు. నొప్పి కూడా ఉండదట. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పేరుకుని, ఒకనాటికి లివర్ గట్టిపడి మొరాయిస్తుందట. అంటూ నా నడుం వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లుగా నేను ఊరందరి నడుముల వైపూ చూసినట్టే చూశాడు.

నాది కుట్టుపని. ఎం.ఏ. చదివి మిషనెక్కాను. నర్సులకీ, బస్సు డ్రైవర్లకీ, హోటలు వాళ్లకీ యూనిఫాంలు కుడతాను. ఆ సర్జన్ వేసుకున్న తెల్లకోటు ఎడమ భుజం ముప్పావంగుళం జారిపోయి ఉంది. అది కుట్టినవాణ్ణి ముందు కొయ్యాలి. ఇవాళ్టి నుంచి ఆయన పేరు కత్తెర.

నా కోసం వెళ్లలేదు నేను. మా అమ్మాయి కూతురు కోసం వెళ్లాను. దానికి పదమూడు నెలలు. ఇంట్లో అందరం పనివాళ్లం, హుకుం జారీ చేసేది ఆవిడ ఒక్కతే, అందుకని మేడమ్ అంటాం. మేడమ్ పిత్తనాళాలు మూసుకుపోయి పుట్టింది. రెండో నెలలో చేసిన ఆపరేషన్ నిలబడలేదు. ఒళ్లంతా పసుపు. పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలు. ఆకలనేదే తెలియదు. ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పోస్తున్నారు. ఇక లివర్ మార్చాల్సిందే. పెద్దవాళ్ల లివర్‌లో చిన్న ముక్క చాలు, ఇచ్చినవాళ్లకి మళ్లీ పెరుగుతుంది. మేడమ్‌ది ఓ గ్రూపు రక్తం. మా అమ్మాయిది బి, అల్లుడిది ఎ. ఇద్దరూ పనికిరారు. వియ్యంకుడికి గుండెలో రెండు స్టెంట్లు. మా ఆయన పోయి తప్పించుకున్నాడు.

ఓ గ్రూపు వాళ్లం ఇద్దరమే. నేను, మా వియ్యపురాలు.

ఆవిడది ఇరవై మూడు శాతం. ఆ మాట వినగానే నాకు సంతోషమేసింది. రాయకుండా ఉండాల్సింది, రాసేశాను.

పది శాతం లోపుకి వస్తేనే కోస్తానన్నాడు కత్తెర. పది వారాలు టైము. అంతకు మించి మేడమ్ ఆగలేదు. యాభై ఐదు దాటినవాళ్లని తీసుకోం అని కూడా అన్నాడు. నాకు ఇంకా ఏడు నెలలుంది, గబగబా కానివ్వండి అన్నాను. ఎవరిది ముందు శుభ్రపడితే వాళ్లది తీసుకుంటాం అన్నాడు.

శుభ్రం గురించి నాతోనా.


మార్చి 5

ఆవిడ నన్ను వదినగారూ అంటుంది, నేను ఆవిణ్ణి వదినగారూ అంటాను. ఆ గారు కూడా లేకపోతే మా మధ్య ఇంకేమీ మిగలదు.

బేకరీ ఆవిడది. తెల్లారకుండానే పొయ్యి వెలిగిస్తుంది. మనిషి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. మేడమ్‌కి ఈ జబ్బని తెలిసిన రోజు ఆస్పత్రి వరండాలో, పదిమందీ వింటుండగా, మా వైపు ఇలాంటివి ఎవరికీ లేవమ్మా అంది. అప్పుడు మా అమ్మాయి బాలింత. తలెత్తలేదు. ఇది ఏ వైపు నుంచీ వచ్చేది కాదని డాక్టర్లు పది సార్లు చెప్పారు. ఆవిడ ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

జవాబు నా లివర్ ముక్కతో చెప్తాను.


మార్చి 7, శుక్రవారం

డైటీషియన్ దగ్గరికి వెళ్లాం. నూలుపోగంత ఉంది పిల్ల. సూదిలో దూరుతుంది. నూలుపోగు అనే పేరు ఖాయం.

వారానికి ముప్పావు కిలో, అంతకన్నా వేగం వద్దంది. తీపి బంద్, మైదా బంద్, జ్యూసులు బంద్. గుడ్లు, చేప, బీన్సు, ఆకుకూరలు, పెరుగు. మూడు పూటలా తినాలి. రోజూ ముప్పావుగంట నడక. తుంటి మీద కొవ్వు కన్నా పొట్టలో కొవ్వు లివర్‌కి పెద్ద శత్రువట. పొట్టది తగ్గితే లివర్‌లోదీ తగ్గుతుంది, తూకం మిషన్ కన్నా నడుం కొలతే నమ్మండి అంది. ఇంట్లో తూకం మిషన్ ఉంచుకోవద్దంది, రోజూ చూస్తే పిచ్చెక్కుతుందట.

టేపుని నమ్మమని నాకు చెప్తోంది! వదినగారు నా వైపు తిరిగి, అయితే మీకు ఇంట్లోనే పరీక్షా పేపరు ఉన్నట్టే కదండీ అంది.

తిన్నదంతా రాయమని ఇద్దరికీ చెరో నోట్‌బుక్కు ఇచ్చింది. వదినగారు అక్కడికక్కడే పెన్ను అడిగి, పొద్దున రెండు బన్నులూ వెన్నా అని రాసేసింది. నూలుపోగు నవ్వాపుకుంది. నిజాయితీ చూపించుకోవడానికి ఒక మర్యాద ఉండాలి.


మార్చి 10, ఉదయం 6.10

నడిచాను. కుక్కలు తప్ప ఎవరూ మెచ్చుకోలేదు.


మార్చి 14, శుక్రవారం

బేకరీ ముందు నుంచి నడవడం మానేయాల్సింది, కానీ మానలేదు. నేనెందుకు దారి మార్చుకోవాలి? ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉడకబెట్టిన గుడ్డు తింటోంది. చుట్టూ కేకులు. పాలగిన్నె ముందు పిల్లి ఉపవాసంలా ఉంది అని నేనంటే, మరేం వదినగారూ, మీరు పొద్దున్నే రోడ్ల మీద ఉరికితే వీధి వీధంతా ఎవరింట్లో దొంగలు పడ్డారని అడుగుతోంది అంది.

కొట్లో వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నాలుగడుగులు వేశాక, ఎవరూ చూడకుండా నవ్వాను.


మార్చి 19, బుధవారం

ఇప్పటికి రెండు నోట్‌బుక్కులున్నాయి. నూలుపోగు నోట్‌బుక్కులో నేను రోజుకి మూడు పూటలా తింటున్నాను. గుడ్లు, చేప, ఆకుకూర, పెరుగు. చదివితే నాకే నోరూరుతుంది. సాహిత్యం చదువుకున్నది ఊరికే పోలేదు.

ఈ నోట్‌బుక్కులో నిజం: పొద్దున టీ, చక్కెర లేకుండా. మధ్యాహ్నం దోసకాయ. సాయంత్రం ఇంకో దోసకాయ. అంతే.

ముప్పావు కిలోనట వారానికి! అలా నడిస్తే ఎప్పుడు చేరతాం? ఇరవై నాలుగు గంటల్లో నలభై చొక్కాలు కుట్టి ఇచ్చినదాన్ని నేను. టేపు రెండంగుళాలు తక్కువ చెప్తోంది. రెండు వారాల్లో రెండంగుళాలు!

మెట్లెక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. కూర్చున్నాను, పోయింది.


మార్చి 22, మధ్యాహ్నం 1.00

దోసకాయ. దీన్ని కనిపెట్టినవాణ్ణి ఏమనాలో నాకున్న భాష చాలడం లేదు.


మార్చి 27, గురువారం

వదినగారు షాపుకి వచ్చింది. చేతిలో బేకరీ కోట్లు మూడు. నడుం దగ్గర వదులైపోయాయి వదినగారూ, రెండంగుళాలు లోపలికి పట్టాలి అంది. అంటూ మొహం చేటంత చేసుకుంది. మీరే కుట్టాలి, మీ చెయ్యి తప్ప నాకు కుదరదు అని కూడా అంది.

కొలిచాను. నిజమే. రెండంగుళాలే. మూడు పూటలా తింటూ, గుడ్లు మింగుతూ, నవ్వుతూ, రెండంగుళాలు. నేను దోసకాయతో కాపురం చేస్తూ రెండున్నర.

ఆవిడ వెళ్లాక కోటు బల్ల మీద పరిచాను. కుట్టు విప్పాను. సుద్దతో రెండంగుళాల దగ్గర గీత గీశాను. చాలాసేపు చూశాను.

గీత చెరిపి మూడు దగ్గర గీశాను. మూడు కోట్లకీ.


మార్చి 28

అంగుళమే.


ఏప్రిల్ 3, గురువారం

కోట్లు పట్టుకెళ్లి అయిదు రోజులు దాటింది. ఇవాళ అమ్మాయి వాళ్లింటికి వెళ్తే వదినగారు కనిపించింది. అదే ఇల్లు, కింద బేకరీ, మీద కాపురం. కోటు వేసుకుని ఉంది. పొట్ట దగ్గర బొత్తాం విల్లులా వంగింది. ఊపిరి బిగబట్టి మాట్లాడుతోంది. నన్ను చూసి, మళ్లీ పెరిగినట్టున్నా వదినగారూ అంది. గొంతు తగ్గింది. ఆవిడ గొంతు తగ్గడం నేను మొదటిసారి విన్నాను.

ఏమో, నాకేం తెలుసు అన్నాను.

మేడమ్ పొట్టలోంచి నిన్న నీరు తీశారట. సగం తగ్గింది పొట్ట. నా వేలు పట్టుకుంది. పట్టు మాత్రం గట్టిదే. ట్యూబులోంచి పాలు పోతుంటే తలుపు వైపు చూస్తూ పడుకుంది, ఎవరికో జరుగుతున్నట్టు.


ఏప్రిల్ 8, మంగళవారం

స్కానూ, రక్తపరీక్షా అయ్యాయి. నా తూకం ఎనిమిది కిలోల ఆరు వందలు తగ్గింది. ఆవిడది మూడున్నర. మిషన్ దిగుతూ ఆవిణ్ణి చూశాను. గెలిచినవాళ్లు చూసే చూపే అది, దాచుకోలేదు.


ఏప్రిల్ 9, బుధవారం

నన్ను తీసేశారు.

నా లివర్‌లో కొవ్వు పదకొండుకి వచ్చింది. దగ్గరికొచ్చేశాను. కానీ లివర్ వాచిపోయిందట. రక్తంలో ఎంజైము ముప్ఫై ఎనిమిది ఉండేది నూట నలభై రెండయింది. ఏదైనా నాటుమందు తాగారా అని కత్తెర అడిగాడు. లేదన్నాను. నూలుపోగు నా నోట్‌బుక్కు పేజీలు తిరగేసింది. మీరు రాసినంత తింటే ఎనిమిది కిలోలు తగ్గరండీ అంది. చాలా మెల్లగా అంది. ఆ పిల్ల కేకలేస్తే బావుండేది.

పస్తులుంటే ఒంట్లో కొవ్వంతా ఒక్కసారి కరిగి లివర్ మీదే వచ్చి పడుతుందట. మోయలేక లివర్ వాస్తుంది. వాచిన లివర్ కోసి పసిదానికి పెట్టను, దానికీ ప్రమాదం, మీకూ ప్రమాదం అన్నాడు కత్తెర. తగ్గడానికి నెలలు పడుతుందట. అప్పటిదాకా మేడమ్ ఆగదు.

ఆవిడది ఇరవై మూడు నుంచి పదహారుకి వచ్చింది. వాపు లేదు. నోట్‌బుక్కు చూస్తే మొదట్లో బాగా పాటించి తర్వాత సడలించారు, ఎందుకో అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు.

అయిదు వారాల్లో ఆవిడ పదహారు నుంచి పదిలోపుకి రావాలి. ఇక ఆవిడ తప్ప ఎవరూ లేరు.


ఏప్రిల్ 10

షాపు తెరవలేదు. గుడ్డు తిన్నాను. రెండు తిన్నాను. గుడ్డు రుచి ఇదా అనిపించింది. ఏడుపొచ్చింది, గుడ్డు కోసం కాదు.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. పస్తుల సంగతి నూలుపోగు చెప్పేసినట్టుంది. అమ్మా, నువ్వు దాన్ని బతికించడానికి వెళ్లావా, మా అత్తగారి మీద గెలవడానికి వెళ్లావా అని అడిగింది. రెండింటికీ అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. సరే, రేపొచ్చి ఆవిణ్ణి చూడు, మాట్లాడటం మానేసింది అని ఫోన్ పెట్టేసింది.


ఏప్రిల్ 11, శుక్రవారం

వెళ్లాను. బేకరీ వెనక గదిలో పిండి బస్తా మీద కూర్చుని ఉంది. ఒళ్లో కాగితం, కాగితంలో బన్ను ముక్కలు. అది మూడోదట. మూతి తుడుచుకున్న జాడ కూడా లేదు.

నా వల్ల కాదు వదినగారూ అంది. తూకంలో మూడున్నర కిలోలు పోయాయన్నారు, ఎక్కడ పోయాయో గానీ పొట్టలో మాత్రం పోలేదు, మీరే కుట్టారు కదా, రెండంగుళాలు పడితే ఊపిరాడటం లేదు, అంటే ఆ పట్టిన రెండు వారాల్లో మళ్లీ పెరిగాను, కొవ్వంతా చేరాల్సిన చోటే చేరుతోంది, టేపునే నమ్మమంది ఆ పిల్ల, మీ టేపు అబద్ధం చెప్పదు. అని ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది. అందరూ నా మొహం చూస్తున్నారు, నేను మేడమ్ మొహం చూడలేకపోతున్నాను, వేరే ఎవరినైనా చూసుకోమని రేపు కత్తెరకి చెప్పేస్తాను అంది. నేను పెట్టిన పేరు ఆవిడ కూడా వాడుతోంది.

వేరే ఎవరూ లేరని ఆవిడకీ తెలుసు.

నోరు తెరిచాను. కొట్లో పనివాళ్లున్నారు. మూసేశాను. ఇంటికొచ్చాను. ఈ మాట రాయడానికి నాకే సిగ్గుగా ఉంది కాబట్టి రాస్తున్నాను: పనివాళ్లున్నారని కాదు, భయమేసి.


ఏప్రిల్ 12, శనివారం

పొద్దున్నే కుట్లు విప్పే చిన్న కత్తి, టేపు, సుద్ద సంచిలో వేసుకుని వెళ్లాను. వెనక గదిలోకి వెళ్లి తలుపేశాను. కోటు విప్పండి వదినగారూ అన్నాను. ఎందుకంది. విప్పండి అన్నాను.

ఆవిడ ముందే నడుం దగ్గర కుట్టు విప్పాను. లోపల మడిచిన గుడ్డ బయటికి లాగి, టేపు పెట్టి చూపించాను. మీరు రెండంగుళాలు చెప్పారు, నేను మూడు పట్టాను, కావాలనే పట్టాను, మీరు నీరుగారిపోవాలని పట్టాను. అంతా ఒక్క గుక్కలో చెప్పాను.

ఆవిడ టేపు తీసుకుంది. తనే కొలిచింది. రెండోసారి కొలిచింది. తర్వాత మొదలుపెట్టింది.

పదిహేను రోజులుగా అద్దం ముందు నిలబడి నా పొట్టని నేను తిట్టుకున్నానండీ, ఆ తిట్లన్నీ అడ్రసు తప్పాయి, ఇప్పుడు సరైన అడ్రసుకి పంపిస్తున్నా, అందుకోండి అంది. అని వరసగా పంపించింది. పందిపొట్ట, పాడుపొట్ట, సిగ్గులేని పొట్ట, పసిపిల్ల ప్రాణం కన్నా బన్ను ఎక్కువైన పొట్ట. ఒక్కొక్కటీ అందుకున్నాను. కొన్ని నేనెప్పుడూ వినలేదు. పదసంపదలో ఆవిడ నాకన్నా ఎక్కువే.

అలిసిపోయాక, ఎందుకు చేశారు వదినగారూ అంది. మామూలు గొంతుతో.

ఆ రోజు వరండాలో మీరన్న మాట కోసం అన్నాను. మా వైపు ఎవరికీ లేవన్న మాట.

నేనన్నానా అంది.

నిజంగానే గుర్తులేదు. మొహం చూస్తే తెలుస్తుంది. పదమూడు నెలలు నేను ఒళ్లో పెట్టుకుని పెంచిన మాట ఆవిడకి జ్ఞాపకమే లేదు. విప్పిన కోటు మడిచి నా సంచిలో పెట్టింది. అని ఉంటాను, ఆ రోజు భయంతో ఏమేం వాగానో నాకే తెలీదు, మీ అమ్మాయికి క్షమాపణ నేను చెప్పుకుంటాను, మీకు మాత్రం చెప్పను, మనకి చెల్లుకి చెల్లు కూడా కాలేదు అంది. తలుపు తీసి, నడవండి, కోట్లు మూడూ సరిచేసి రేపటికల్లా తేవాలి అంది.


ఏప్రిల్ 13

కోట్లు ఇచ్చాను. తీసుకుంది. నా ముందే మూడింటినీ టేపుతో కొలిచింది.


ఏప్రిల్ 14, ఉదయం 6.30

ఆవిడ నడుస్తోంది. నాకు పది గజాల ముందు, వెనక్కి చూడకుండా. ఆ భారీ మనిషి కోపంతో నడుస్తుంటే రోడ్డే పక్కకి తప్పుకుంటోంది. నేను అందుకోలేకపోయాను. కోపానికి ఉన్న బలం నూలుపోగు కాగితంలో ఎక్కడా రాయలేదు.


ఏప్రిల్ 17, గురువారం

ఇవాళ అయిదు గజాల ముందు.

బేకరీ గల్లాలో రెండు వారాలు అల్లుణ్ణి కూర్చోబెట్టమని నేనే అడిగాను. సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చి కూర్చుంటున్నాడు. కేకు ఎవరికి ఎంత కోయాలో తెలీక, అందరికీ ఒకటే సైజు కోస్తున్నాడట. ఈ దెబ్బకి నా కొట్టు మూతపడుతుందని ఆవిడ కొడుకుని తిడుతోంది. తిడుతూ నా వైపు చూసింది. మూడు రోజుల్లో మొదటి చూపు.


ఏప్రిల్ 22

నూలుపోగుకి ఈ నోట్‌బుక్కులోని తిండి లెక్కలు చూపించాను. ఇప్పటి నుంచి నిజమే రాస్తానన్నాను. ఎందుకండీ, మీరు ఇవ్వడం లేదు కదా అంది. నా లివర్ నాకు పనికిరాదా అన్నాను. నూలుపోగు నవ్వింది. ఇప్పుడు తగ్గించకపోతే ఇంకో పదేళ్లకి మీరే ఇంకొకరి లివర్ కోసం చూడాల్సొస్తుంది, ఇప్పుడైతే ఇంకా వెనక్కి తిరిగే దశలోనే ఉంది అంది. వెనక్కి తిప్పుతాను. మొండికేయడంలో నా లివర్ నన్ను గెలవలేదు.


ఏప్రిల్ 29, మంగళవారం

పక్కపక్కన నడుస్తున్నాం. మాటలు తక్కువ. ఉన్నవి కూడా ఇలాంటివి:

మీ చెప్పులు కుడి వైపు అరుగుతున్నాయి వదినగారూ అంటే, నా చెప్పులు కూడా లోపలికి పడతారా అంది.

వారానికోసారి కొలిచేటప్పుడు టేపు నా చేతికి ఇవ్వదు. తనే కొలుచుకుని, అంకె నాకు చూపించి, మీరేమంటారు అని అడుగుతుంది. ఆ అంకె నాకు కనపడాలని టేపు నా కళ్లకి ఆనించేంత దగ్గరగా పెడుతుంది. నేను ఇక్కడ రాసుకుంటాను. ఇప్పటికి మూడున్నర అంగుళాలు తగ్గింది.


మే 6

నా ఎంజైము ఎనభై. దిగుతోంది. మేడమ్‌కి జ్వరం. ఆస్పత్రిలోనే ఉంచారు. ఆపరేషన్ ఒక్క వారం కూడా వెనక్కి జరపడానికి లేదని కత్తెర చెప్పాడు.


మే 8, గురువారం

ఇవాళ వదినగారు ఏడుపాపుకుంటూ బేకరీలో కేకు ముందు నిలబడింది. జ్వరం సంగతి విని. నేను కేకుకీ ఆవిడకీ మధ్యలో నిలబడ్డాను. జరగండి అంది. జరగనన్నాను. నెడతానంది. నెట్టండి, ఎనభై నాలుగు కిలోల నుంచి డెబ్భై నాలుగుకి వచ్చాను, ఇంకా అడ్డుగోడకి సరిపోతాను అన్నాను. నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. బరువుంది. పడకుండా నిలబడ్డాను.

తర్వాత చెరో గుడ్డు తిన్నాం.


మే 13, మంగళవారం, మధ్యాహ్నం 12.20

ఎనిమిది!

ఎనిమిది శాతం. వదినగారి లివర్‌లో కొవ్వు ఎనిమిది శాతం. కత్తెర నోటితో చెప్పాక కాగితం మీద చూపించమన్నాను. చూపించాడు. ఆయన కోటు భుజం ఇంకా జారుతూనే ఉంది, అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి సరిచేస్తానన్నాను. ఇప్పుడు వద్దండీ అని పారిపోయాడు.

వరండాలో వదినగారు అందరికీ వినబడేలా ఫోన్‌లో చెప్తోంది. మా వదినగారే నడిపించింది నన్ను, ఆవిడ గుడ్లురిమి చూస్తుంటే తిండెలా దిగుతుంది అని. ఇది పొగడ్తో తిట్టో తెలియలేదు. రాసి ఉంచుకుంటున్నాను.


మే 20, మంగళవారం

ఉదయం 7.15. ఇద్దరినీ తీసుకెళ్లారు. ముందు పెద్దదాన్ని, తర్వాత చిన్నదాన్ని. వదినగారు తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపించి నన్ను పిలిచింది. ఏమైనా అయితే బేకరీ ఎవరు చూస్తారని అడగబోతోందనుకున్నాను. మీరు మాత్రం ఇవాళ తిండి మానకండి, మానితే లేచొచ్చి తంతాను అంది.

10.00. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడింది. అల్లుడు నేల మీద కూర్చున్నాడు. వియ్యంకుడు ఒకే పేపరు మూడోసారి చదువుతున్నాడు. చదవడం లేదు.

1.10. తిన్నాను. బీన్సు, రెండు గుడ్లు. అమ్మాయి చేత కూడా తినిపించాను. అరిచి తినిపించాను. నర్సు వచ్చి మెల్లగా అనమంది. మెల్లగా అరిచాను.

2.40. వదినగారిది అయిపోయింది. బాగుంది.

5.05. కత్తెర వచ్చాడు. ముక్క కూర్చుందట. రంగు మారిందట, రక్తం ఎక్కగానే. ఇంకా చాలా దాటాలి అన్నాడు. అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గోడకి సున్నం సరిగ్గా వెయ్యలేదు.


మే 22, గురువారం

వదినగారు కళ్లు తెరిచాక మొదటి మాట, ఎంత పోయింది అట. ముక్క ఎంత కోశారని అడుగుతోందనుకుని నర్సు చెప్పబోయింది. అది కాదమ్మా, నా నడుమెంత పోయింది అందట.

నేను లోపలికి వెళ్లగానే మొహం తిప్పుకుంది. కోట్లు మళ్లీ వదులవుతాయి వదినగారూ, ఈసారి మాత్రం వేరే టైలరుకిస్తాను అంది. నవ్వబోయి కుట్టు నొప్పెట్టి ఆపుకుంది. ఎవరు కుట్టారు ఆ కుట్టు అన్నాను. కత్తెరే అంది. చూశాను. బాగానే కుట్టాడు. కోటు కుట్టినవాడికి ఈ చెయ్యి ఉంటే ఎంత బావుండేది.

పడుకునే ముందు నా చెయ్యి పట్టుకుని, ఇవ్వాల్సింది మీరేనని మీ మనసులో ఇంకా ఉంది కదా అంది.

ఉంది అన్నాను.

ఉండనివ్వండి అంది. వదల్లేదు చెయ్యి.


మే 27

ట్యూబు తీశారు. మేడమ్ చెంచాని చూసి మొహం తిప్పుకుంది. నిన్నా అంతే. చెంచాతో ఇవ్వమంటారు, ఇస్తే మూసుకుంటుంది. ఆకలంటే ఏమిటో దానికి ఎవరూ నేర్పలేదు. దానికి నేర్పే ఓపిక నాకుంది. చెంచా నాకివ్వండి అన్నాను.


జూన్ 3, ఉదయం 7.40

మేడమ్‌కి ఆకలేసింది.

ఏడ్చి కాదు, అరిచి చెప్పింది. వార్డు వార్డంతా లేచింది. వదినగారు నాలుగు మంచాల అవతల నుంచి పొట్ట పట్టుకుని వచ్చేసింది. గిన్నె ఖాళీ అయింది. ఇంకా అని మేడమ్ చెయ్యి చాచింది. ఇప్పుడే ఎక్కువ పెట్టకండి, ఆగమనండి అంది నర్సు.

ఆగమని మా ఇద్దరిలో ఎవరూ అనలేదు.